ఉప్పునీటి కింద దాగిన భ్రంశం కనిపించాలంటే

తీరపు బేసిన్‌లో (పూడిక నిండిన పల్లపు ప్రాంతంలో) రెసిస్టివిటీ సర్వే, అంటే నేలలోకి కరెంటు పంపి దానికి ఎంత అడ్డు ఉందో కొలిచే సర్వే, చేస్తే అన్నిచోట్లా తక్కువ విలువలే వస్తున్నాయని, భ్రంశం (రాళ్లు విరిగి జరిగిన పగులు) జాడే లేదని రాశారు. తప్పు మీ పరికరానిది కాదండీ, ఉప్పునీటిది. కరెంటంతా ఆ నీటిలోనే పారిపోతుంది, కింది రాయి సంగతి పైకి రాదు. ఎలక్ట్రోడ్ల దూరం పెంచినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

గురుత్వ సర్వే చేసి చూడండి, అంటే భూమి ఆకర్షణలో చోటుచోటుకూ వచ్చే చిన్న తేడాలు కొలవండి. భ్రంశానికి ఒక పక్క గట్టి శిల పైకి ఉండి, మరో పక్క తేలికైన అవక్షేపాలు (పేరుకున్న ఇసుక, మట్టి) మందంగా ఉంటే బూగే గ్రాఫు (ఎత్తుల ప్రభావం తీసేసిన గురుత్వ విలువల గీత) అక్కడ మెట్టులా దిగుతుంది. కొలతల వరుసలు భ్రంశానికి అడ్డంగా సాగాలి. ఎత్తుల విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు: ఒక్క మీటరు తేడా వస్తే దాదాపు 0.2 మిల్లీగాల్ (గురుత్వాన్ని కొలిచే ప్రమాణం) తప్పు, చిన్న భ్రంశాన్ని మింగేయడానికి అది చాలు.

పూడిపోయిన పాత లోయ గట్టు కూడా అలాంటి మెట్టే చూపిస్తుంది. కాబట్టి ఆ చోట ఒక్క సీస్మిక్ రేఖ వేయించండి, అంటే ఒక గీత వెంట నేలలోకి కంపనాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనులతో కింది పొరల్ని చూడండి. పొరలు తెగి జరిగాయో, ఊరికే వంగాయో అందులో తేలుతుంది.