రౌడీషీట్ కథ రాస్తున్న తమ్మునికి

తమ్మీ,

నీ కథ చదివాను. వరంగల్ శివనగర్ అండర్‌బ్రిడ్జి దగ్గర పోరగాళ్లు తల్వార్‌తో బర్త్‌డే కేకు కోసే సీను బాగా వచ్చింది. వాళ్ల మాటల్లో గొప్పలూ భయమూ రెండూ వినిపించాయి. ప్రతి పేజీలో కాకతీయ తోరణం ఎందుకు పెట్టావో మాత్రం తెలియలేదు. టూరిజం వాళ్లేమన్నా పైసలిస్తున్నారా?

పోలీసులు వచ్చిన దగ్గర కథ పడిపోయింది. నీ ఎస్సై 'మర్డర్ చేసినవ్, పీడీ యాక్ట్ పెట్టి ఏడాది శిక్ష వేస్తా' అంటాడు. అట్లా సినిమా ఎస్సై అంటాడు. పీడీ అంటే ప్రివెంటివ్ డిటెన్షన్, ముందస్తు నిర్బంధం. ఆ ఉత్తర్వు మీద సంతకం పోలీసు కమిషనర్‌ది. 2015లో వరంగల్ కమిషనరేట్ రాకముందైతే కలెక్టర్‌ది. కథ ఏ ఏడాదిలో జరుగుతోందో ముందు తేల్చుకో. పైగా అది శిక్ష కాదు. బయట ఉంటే మళ్లీ ఏం చేస్తాడోనని 1986 నాటి ఆ చట్టం కింద ముందుగానే లోపల పెడతారు, గరిష్టంగా 12 నెలలు. నేరం రుజువు కానక్కర్లేదు. కారణాలు 5 రోజుల్లోపు రాసివ్వాలి, ఆ నిర్బంధం సబబేనా అని చూసే సలహా మండలి ముందు 3 వారాల్లోపు పెట్టాలి. అక్కడ లాయర్‌ను పెట్టుకునే హక్కు కూడా లేదు.

ఇప్పుడు చూడు. బెయిలొచ్చిందని తల్లి కూర వండి కూచుంటుంది. వాడు జైలు గేటు దాటకముందే పీడీ కాగితం వస్తుంది. అందులో ఏముందో ఆమెకు చదివి చెప్పేదెవరు? నువ్వు ఆ తల్లిని నాలుగు ముక్కల్లో ఏడిపించి వదిలేశావు. ఆమెను హైకోర్టుకు తీసుకుపో. లోపల పెట్టినవాణ్ణి కోర్టు ముందు హాజరుపరచమని అడిగే ఇట్లాంటి హెబియస్ కార్పస్ పిటిషన్లు తరచుగా తల్లులో భార్యలో వేస్తుంటారు. 2023లో ఒక తెలంగాణ భార్య సుప్రీంకోర్టు దాకా వెళ్లి భర్త మీది ఉత్తర్వు కొట్టేయించుకుంది. మామూలు శాంతిభద్రతల గొడవకూ, జనజీవనమే చెదిరిపోయే స్థితికీ తేడా చూడాలని కోర్టు గట్టిగానే చెప్పింది.

ఈ తేడాను నీ గల్లీలో వెతుకు. ఇద్దరు తాగి కొట్టుకున్నారు, సరే. నీ గ్యాంగు బండ్ల చప్పుడు వినగానే కిరాణా కొట్టాయన షట్టర్ దించేస్తున్నాడనుకో, అప్పుడేమంటావు? సాక్ష్యం అడిగితే 'నేనప్పుడు అన్నానికి పోయిన సార్' అంటాడాయన. నీ కథలో అతనికి ఒక్క మాటా లేదు. గ్యాంగు చెప్పిందే రాస్తే వాళ్లకు ఫ్లెక్సీ కట్టినట్టే అవుతుంది.

రౌడీషీట్ వేరే సంగతి, దాన్ని పీడీతో కలపకు. షీట్ ఉన్నవాణ్ణి స్టేషన్‌కు పిలిపించి కౌన్సెలింగ్ ఇస్తారు, తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు, అంటే ఇక గొడవల జోలికి పోనని పూచీ రాయించుకుంటారు. పెళ్లి చేసుకుని ఆటో నడుపుకుంటున్నవాడు కూడా పిలిస్తే పోయి నిలబడాలి. దీని మీద ఇంకో కథ రాయొచ్చు, ఇందులో ఇరికించకు.

చివరగా, పేర్లన్నీ మార్చానన్నావు. ఆ ముద్దుపేరు ఏ గల్లీలో ఎవరిదో నాకే తెలిసిపోయింది. పత్రికకు పంపేముందు అది మార్చు.

మీ అన్న