వరద తీసిన నెలకి డెంగీ ఎందుకొస్తుంది?

వరద ఉన్నన్నాళ్లూ బాగానే ఉన్న ఊరు, నీరు తీసిన మూడు నాలుగు వారాలకి జ్వరాలతో ఎందుకు మంచమెక్కుతుందని అడిగారు. నేను డాక్టర్ని కాదు. కోనసీమ లంకలో పుట్టి, డెంగీ పడి లేచినవాణ్ణి.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా వీధిలో మొలలోతు నీళ్లు. ముందు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. బావుల్లోకి వరద దిగితే ఇంకేమవుతుంది! దోమలు మాత్రం అప్పుడు లేవు. పారే నీరు వాటి పిల్లల్ని ఊడ్చుకుపోతుంది.

నీరు తీశాక లెక్క మొదలవుతుంది. నిలిచిన నీటిలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు. అది రోగిని కుట్టాక, 25-28 డిగ్రీల వేడిలో వైరస్ దాని ఒంట్లో ముదిరి ఇంకొకరికి అంటడానికి 8 నుంచి 12 రోజులు. మనల్ని కుట్టాక జ్వరం బయటపడటానికి మరో 4 నుంచి 10. కలుపుకోండి, మీరు చెప్పిన వారాలే వస్తాయి. వానల మధ్య ఎండ కాస్తే వైరస్ ముదిరే గడువు ఇంకా తగ్గుతుంది.

మేమేమో మురుగు కాలవలో బ్లీచింగ్ చల్లించుకుని ధీమాగా ఉన్నాం. మురుగులో పెరిగేది బోదకాలు దోమ. డెంగీ దోమకి మంచినీళ్లు కావాలి. నాకు జ్వరమొచ్చాక ఆశా కార్యకర్త వచ్చి దొడ్డంతా తిరిగింది. తాగి పడేసిన బొండాల పోగులోంచి ఒకటి తీసి తెల్ల పళ్లెంలో వంచింది. గరిటెడు నీళ్లు, అందులో గిలగిలా మెలికలు తిరిగే పురుగులు. జ్వరానికి మంచిదని మా అమ్మ రోజుకి రెండు బొండాలు తాగించి, డొక్కలు ఆ పోగులోనే వేస్తోంది మరి!

అలాగని నెపమంతా వాన మీద వేయకండి. మా పిన్నికి డెంగీ మేలో వచ్చింది. కాలువలకి నీళ్లు ఆపేశారని డ్రమ్ముల్లో నీళ్లు పట్టి ఉంచుకుంది. ఈ దోమ గుడ్లు తడి లేకపోయినా గోడకి అంటుకుని నెలల తరబడి బతుకుతాయి. అందుకే డ్రమ్ము వంపేస్తే చాలదు, లోపల పీచుతో తోమాలి.

ఇప్పుడు మా ఇంట్లో బొండాం తాగితే రెండుగా చీల్చి బోర్లించాల్సిందే. అమ్మకి మాత్రం అదంతా నా చాదస్తం.