గుంటూరులోనా, బెజవాడలోనా?

ప్రశ్న: నేను గుంటూరులో ఓ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సును, షిఫ్టు డ్యూటీలు. మావారి ఆఫీసు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర, పది నుంచి ఆరు దాకా. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. మధ్యలో మంగళగిరి అయితే ఇద్దరికీ బాగుంటుందంటున్నారు మావారు. ఇల్లు ఎక్కడ తీసుకోమంటారు? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: గుంటూరులోనే తీసుకోండి. మంగళగిరిలో ఉంటే నైట్ డ్యూటీ దిగాక కూడా మీకు బస్సు ప్రయాణం తప్పదు. వేళలు మారని ఉద్యోగం ఆయనది కాబట్టి తిరగడం ఆయనకే తేలిక.

రైలు సీజన్ టికెట్ చౌకే గానీ, విజయవాడ స్టేషన్ నుంచి బెంజ్ సర్కిల్‌కు మళ్లీ ఊరు దాటి రావాలి. బస్సే నయం. నాన్‌స్టాప్ ఎక్కితే నేరుగా బస్టాండులో దింపుతుంది. కృష్ణ మీది కనకదుర్గ వారధి దగ్గర ఆపే బస్సు ఎక్కి అక్కడే దిగితే ఆటోలో కాసేపట్లో ఆఫీసుకు చేరవచ్చు. కారులో వెళ్తే దారిలో కాజ టోల్‌గేటు ఉంది. 2025 ఆగస్టులో రూ.3,000 ధరతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ ఏడాదికో 200 ట్రిప్పులకో, ఏది ముందు పూర్తయితే దానితో సరి. రానూపోనూ రెండు ట్రిప్పులు కాబట్టి నెలకు 25 రోజులు తిరిగితే నాలుగు నెలలకే అయిపోతుంది. మీ ఇల్లు టోల్‌గేటుకు 20 కి.మీ. లోపు పడుతుందేమో చూసుకుని, అక్కడి కౌంటర్లో లోకల్ నెల పాస్ ధర అడిగాకే ఏదైనా కొనండి.

అత్తయ్యగారి కోసం బ్రాడీపేట, అరండల్‌పేట చూడండి. కూరగాయలు, మందులషాపు, డాక్టరు అన్నీ నడిచేంత దూరంలోనే. అడ్రసు 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు; ఆటోవాళ్లకు అంతే చెబితే చాలు. అద్దె మాట్లాడే ముందు మున్సిపల్ కుళాయి ఏ వేళకు వస్తుందో, సంపు ఉందో లేదో కనుక్కోండి. బోరు నీళ్లతో సబ్బు రుద్ది చూడండి. నురగ రాకపోతే అవి కఠినజలం: గీజరు కాయిల్‌కు సున్నం పట్టి, నీళ్లు కాగడానికి ఎక్కువసేపు పడుతుంది. పైకప్పు కిందే ఉండే ఆఖరి అంతస్తు మాత్రం వద్దు, మే నెలలో రాత్రిళ్లు కూడా గోడలు సెగలు కక్కుతాయి.

సిటీ బస్సులు, దూరప్రాంత రైళ్లు, గన్నవరం విమానాశ్రయం చూసుకుంటే విజయవాడదే పైచేయి. ఎప్పుడైనా అక్కడికి మారితే సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇల్లు ఖాయం చేసే ముందు 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో ఇంటాయనను కాదు, పక్కింటివాళ్లను అడగండి. కరెంటు మీటర్లు ఆ ఎత్తుకు పైన బిగించి ఉన్నాయో లేదో మీ కళ్లతో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.