నీళ్లు లేని చోట పోటేమిటి?

ప్రశ్న: మాది అంతర్వేది దగ్గర. పోటు వస్తేగానీ మా వాళ్ల బోట్లు వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేటలు దాటి రాలేవు. అది చంద్రుడి పనని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మొన్న ఒక వీడియోలో చిన్న చిన్న గెలాక్సీల్ని చీల్చేసేది కూడా ఈ పోటు బలాలేనన్నారు. అక్కడ నీళ్లూ లేవు, చంద్రుడూ లేడు, మరి ఎలాగండీ?
– ఒక పాఠకుడు, సఖినేటిపల్లి

జవాబు: నీళ్లతో పనే లేదండి. పోటు పుట్టేది లాగుడు వల్ల కాదు, ఈ పక్కకీ ఆ పక్కకీ లాగుడులో ఉండే తేడా వల్ల. భూమిని సూర్యుడు చంద్రుడికంటే సుమారు 180 రెట్లు గట్టిగా లాగుతాడు, అయినా మీ మొగలో పోటు తెప్పించడంలో చంద్రుడి పనిలో సగం కూడా చెయ్యలేడు, ఎందుకంటే అంత దూరంలో ఉన్నవాడికి భూమి ఇటు వైపైనా అటు వైపైనా దాదాపు ఒకటే. దూరం రెట్టింపైతే ఆ తేడా ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

ఇప్పుడు చంద్రుడి బదులు మన పాలపుంతనీ, భూమి బదులు దాని చుట్టూ తిరిగే మరుగుజ్జు గెలాక్సీనీ పెట్టుకోండి. 1994లో బయటపడిన ధనూరాశి మరుగుజ్జు గెలాక్సీ సంగతి ఇదే. పాలపుంతకి దగ్గరగా వచ్చినప్పుడల్లా దాని అంచుల్లోని నక్షత్రాలు, సొంత గెలాక్సీ పట్టు అక్కడ అంతంతమాత్రమే కాబట్టి, జారిపోతాయి. ఇవతల, అంటే పాలపుంత వైపు, జారినవి చిన్న కక్ష్యలో పడి ముందుకెళ్తాయి, అవతల జారినవి వెనకబడతాయి. అలా సాగిన రెండు తోకలు ఇప్పుడు ఆకాశమంతా చుట్టుకుని ఉన్నాయి. నక్షత్రాల స్థానాల్నీ కదలికల్నీ కొలిచిన యూరప్ వాళ్ల గయా ఉపగ్రహం కొలతలతో వాటి దారి ఇంకా స్పష్టమైంది.

ఆ వీడియోలో చెప్పారో లేదో గానీ, నక్షత్రాలు మాత్రం చీలవు. గెలాక్సీ ముందు ఒక్కో నక్షత్రం చుక్కంత, దాని రెండు పక్కల మధ్యా తేడా ఎక్కడిది? చీలేది గుంపు. అందులోనూ ముందు పోయేది నక్షత్రాలు కాదు, వాటికంటే చాలా దూరం పరుచుకున్న కృష్ణ పదార్థం, అంటే కంటికి కనపడకుండా లాగుడుతో మాత్రమే ఉనికి తెలిసే పదార్థం. అది తరిగేకొద్దీ లోపలి పట్టు సడలి, మిగిలిన నక్షత్రాలు నెమ్మదిస్తాయి, ఒక్కోసారి గుంపు ఉబ్బి పలచబడుతుంది. 2018లో కనిపెట్టిన అంట్లియా 2 అనే మరుగుజ్జు గెలాక్సీ ఇలాగే అయిందని చాలామంది అనుమానం: సైజులో పెద్ద మెజెల్లానిక్ మేఘం అనే మన పొరుగు గెలాక్సీ అంత, వెలుగులో దాని ముందు లెక్కలోకే రాదు.

ధనూరాశి మరుగుజ్జు గెలాక్సీ జాడ చూడాలనుంటే బైనాక్యులర్స్ సరిపోతాయి. అక్టోబరులో మబ్బు లేని రోజు చీకటి పడగానే నైరుతి వైపు ధనూరాశిలో మసకచుక్కలా ఎం54 అనే నక్షత్ర గుచ్ఛం దొరుకుతుంది. ఫ్రెంచి ఖగోళ పరిశీలకుడు మెస్యే దాన్ని 1778లోనే చూశాడు, అందరూ అది పాలపుంతదే అనుకున్నారు. నిజానికి అది ఉన్నది ఆ చెదిరిపోతున్న ధనూరాశి గెలాక్సీ నడిబొడ్డున.