34 ఏళ్లకి మొదటి జియు-జిట్సు పోటీ: ఇప్పుడే వెళ్లాలా, ఇంకో ఏడాది ఆగాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు 34, బ్రెజిలియన్ జియు-జిట్సు మొదలుపెట్టి ఏడు నెలలు, ఇంకా వైట్ బెల్ట్, అంటే మొదటి మెట్టు. క్లాసులో దాదాపు అందరికీ ట్యాప్ అవుతున్నారు (ఓటమి ఒప్పుకుని చేత్తో తట్టడం), ఎక్కువగా మౌంట్ కింద, అంటే ఎదుటివాడు మీ మీద ఎక్కి కూర్చున్నప్పుడు. కోచ్ మాత్రం ఆరు వారాల్లో ఉన్న గి (జియు-జిట్సు దుస్తులు) టోర్నమెంటుకి పేరిమ్మంటున్నారు. వెళ్లాలా, ఆగాలా? 78 కిలోలు ఉన్నారు కాబట్టి కాస్త తగ్గి కింది విభాగంలో ఆడితే మేలా? ఇంట్లోవాళ్లని తీసుకెళ్లొచ్చా?

వెళ్లండి. నేను 36లో మొదలుపెట్టాను, ఎనిమిదో నెలలో మొదటి పోటీ ఆడాను, ఇప్పుడు వైట్, బ్లూ దాటి పర్పుల్ బెల్ట్. 'అందరికీ ట్యాప్ అవుతున్నాను' అనే మాట నేనూ అన్నాను. ఒకసారి ఆ 'అందరూ' ఎవరో చూసుకోండి. నాలుగేళ్ల బ్లూ బెల్ట్, ఎనిమిదేళ్ల పర్పుల్ బెల్ట్, ఇరవై ఏళ్ల కుర్రాడు, మీకంటే పదిహేను కిలోలు ఎక్కువున్న ఆయన. పోటీలో వీళ్లెవరూ మీ ఎదురుగా ఉండరు. మీ బెల్టే, మీ బరువే, 30 నుంచి 35 మధ్య వయసే. దాన్ని మాస్టర్ 1 అంటారు. ఆ వయసు కూడా పుట్టినరోజును బట్టి కాదు, పుట్టిన సంవత్సరాన్ని బట్టి లెక్కేస్తారు. అయితే చిన్నప్పుడు జూడో గానీ కుస్తీ గానీ ఆడి, ఇప్పుడు తెల్ల బెల్ట్ కట్టుకుని వచ్చినవాడు తగలొచ్చు. తగిలితే గాల్లోకి లేస్తారు, అంతే. నేనూ ఒకసారి లేచాను.

ఇక్కడ చెప్పే నియమాలన్నీ అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య ఐబీజేజేఎఫ్‌వి. చాలా టోర్నమెంట్లు వాటినే కొద్దిపాటి మార్పులతో పెట్టుకుంటాయి, మీ నిర్వాహకులవి మీరు తప్పకుండా చదవండి. ఈ 'చదవండి' అనే మాట ఊరికే అనడం లేదు. నేను చదవలేదు.

వైట్ బెల్ట్ మ్యాచ్ అయిదు నిమిషాలు. నా మొదటి మ్యాచ్‌లో, మొదటి అరనిమిషంలోనే అవతలి ఆయన రెండు కాళ్లూ దొరకబుచ్చుకుని పడేశాను. రెండు పాయింట్లు. ఆయన పడుతూనే నా నడుం చుట్టూ కాళ్లు వేసి క్లోజ్డ్ గార్డ్ బిగించాడు. కింద ఉన్నవాడు కాళ్లతో ఎదుటివాడిని ఆపడాన్నే గార్డ్ అంటారు. గార్డ్ తెరవడం నాకు సరిగ్గా రాదు, తెరవబోతే స్వీప్ చేస్తాడని, అంటే నన్ను తిప్పేసి తను పైకొస్తాడని భయం. ఎలాగూ ఆధిక్యంలో ఉన్నాను, ఇలాగే కాలం గడిపేస్తే చాలనుకున్నాను. ఆయన కాలర్ రెండు చేతులా పట్టుకుని, తల గుండెకి ఆనించి, బల్లిలా అతుక్కుపోయాను. రెఫరీ ఏదో అన్నాడు, వినపడలేదు. మళ్లీ అన్నాడు. మూడోసారి మా కోచ్ అరుపు వినిపించింది గానీ మాట అర్థం కాలేదు.

జరిగిందేంటంటే, ఆట ముందుకు జరపకుండా కూర్చుంటే రెఫరీ ఇరవై సెకన్లు చూసి పెనాల్టీ వేస్తాడు. మొదటిదానికి నష్టం లేదు, రాసుకుంటారంతే. రెండోదానికి అవతలివాళ్లకి ఒక అడ్వాంటేజ్ వెళ్తుంది, పాయింట్లు సమానమైతే గెలుపు తేల్చేది అదే. మూడోదానికి రెండు పాయింట్లు. నాలుగోదైతే డిస్‌క్వాలిఫై. నేను మూడు తిన్నాను. స్కోరు రెండు-రెండు, అడ్వాంటేజ్ ఆయనది. ఆయన స్వీప్ చేయలేదు, చోక్ (మెడ నొక్కే పట్టు) పట్టలేదు, ఊరికే పడుకుని గెలిచాడు. లేచాక చూస్తే ఆయనక్కూడా ఎందుకు గెలిచాడో తెలియదు పాపం!

కాబట్టి ముందుగా పాయింట్లు కంఠతా పట్టండి. టేక్‌డౌన్ (నిలబడ్డవాడిని పడేయడం), స్వీప్, పొట్ట మీద మోకాలు, ఈ మూడింటికీ రెండేసి. గార్డ్ దాటితే మూడు. మౌంట్‌కీ, వీపు ఎక్కి కాళ్లు లోపలికి వేస్తేనూ నాలుగేసి. ఏదైనా మూడు సెకన్లు నిలబెట్టుకుంటేనే పాయింట్. చాలామంది మౌంట్ ఎక్కిన క్షణంలోనే చోక్ కోసం ఎగబడి కింద పడిపోతారు, నాలుగు పాయింట్లూ గాలికి పోతాయి. ఎక్కండి, మనసులో మూడు లెక్కపెట్టండి, ఆ తర్వాత చెయ్యి కదపండి. కొన్ని నిషేధాలు కూడా తెలిసుండాలి. వైట్ బెల్ట్‌లు ఎగిరి క్లోజ్డ్ గార్డ్ వేయకూడదు. మణికట్టు లాక్ మీకు లేదు, అది బ్లూ నుంచి. కాళ్ల లాకుల్లో చీలమండని నేరుగా వంచే స్ట్రెయిట్ యాంకిల్ లాక్ ఒక్కటే మీది. క్లాసులో ఎవరో సరదాగా చూపించిన, మడమ పట్టి కాలు మెలితిప్పే హీల్ హుక్‌ని అక్కడ ప్రయత్నిస్తే ఆ క్షణమే ఇంటికి పంపేస్తారు.

ఇప్పుడు సాధన సంగతి. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఈ ఆరు వారాల్లో కొత్త టెక్నిక్ ఒక్కటి కూడా నేర్చుకోకండి. ఫోన్‌లో కనిపించే వీడియోలన్నీ టోర్నమెంటు అయ్యాక చూడొచ్చు. మీకు కావలసింది ఒక్క దారి: నిలబడి ఉన్నప్పుడు మొదటి గ్రిప్ ఎక్కడ, దాన్నుంచి ఏం చేస్తారు, అది కుదిరితే ఎక్కడికి చేరతారు, అక్కడి నుంచి పట్టేది ఏ సబ్‌మిషన్ (ట్యాప్ చేయించే పట్టు). నాలుగే ప్రశ్నలు. ఒక్కోదానికి ఒకటే జవాబు ఉండాలి. నా రెండో పోటీకి నా జవాబులు ఇవీ: కాలర్ పట్టుకుని గార్డ్‌లోకి కూర్చోవడం, సిజర్ స్వీప్ (కాళ్లు కత్తెరలా వేసి తిప్పేయడం), నేరుగా మౌంట్, కాలర్ క్రాస్ చోక్ (రెండు చేతులా కాలర్ అడ్డంగా పట్టి మెడ నొక్కడం). చూడ్డానికి ఇది మొదటి నెల పాఠం. కానీ 2009 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో బ్రెజిల్ చాంపియన్ రోజర్ గ్రేసీ బ్లాక్ బెల్ట్‌లని వరసగా ముగించింది మౌంట్ నుంచి పట్టిన ఇదే క్రాస్ చోక్‌తో. వస్తోందని అందరికీ తెలుసు, ఎవరూ ఆపలేకపోయారు. మనం రోజర్ కాదు, నిజమే. మన ఎదుటివాడు కూడా బ్లాక్ బెల్ట్ కాదుగా.

మీరు టేక్‌డౌన్‌కి వెళ్తారా, గార్డ్‌లోకి కూర్చుంటారా అన్నది ఈ వారమే తేల్చుకోండి, మధ్యలో మార్చకండి. కూర్చోవడంలో సిగ్గేం లేదు. కాకపోతే అవతలివాడు అప్పటికే మీ ప్యాంటు పట్టుకుని ఉంటే, మీరు కూర్చున్నా టేక్‌డౌన్ పాయింట్లు అతనికి వెళ్లే అవకాశం ఉంది. ముందు ఆ చెయ్యి విడిపించుకుని కూర్చోండి.

రోజూ రౌండ్ మొదలుపెట్టే తీరు మార్చమని కూడా చెబుతాను. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని, చేతులు తట్టుకుని మొదలుపెట్టే రోలింగ్ (క్లాసులో ఇద్దరి సాధన పోరు) పోటీకి అక్కరకు రాదు. అక్కడ మోకాళ్ల మీద ఎవరూ మొదలుపెట్టరు. రౌండ్లలో సగం నిలబడి మొదలుపెట్టండి. మిగతా సగం మీకు చచ్చేంత భయమున్న చోట నుంచి. నాకది సైడ్ కంట్రోల్ కింద, అంటే ఎదుటివాడు పక్క నుంచి ఛాతీ మీద అడ్డంగా పడి నొక్కినప్పుడు ఇరుక్కోవడం. నాలుగు వారాలు వరసగా, ప్రతి రౌండ్ అక్కడే మొదలుపెట్టాను. 'నువ్వు పైన కూర్చో, నేను బయటికొస్తే మళ్లీ కూర్చో' అని బతిమాలాను. మొదటి వారం ఒక్కసారి కూడా బయటపడలేదు. నాలుగో వారానికి మూడింట ఒకసారి గార్డ్ తిరిగి వేసుకోగలిగాను. పోటీలో అక్కడ ఇరుక్కున్నప్పుడు ఊపిరి ఆడింది, కంగారు పుట్టలేదు. మీరేమో రాసిన దాన్ని బట్టి మౌంట్ కిందే ఎక్కువ ట్యాప్ అవుతున్నారు. అయితే మీ రౌండ్లు అక్కడి నుంచే.

గ్రిప్ గురించి ఎవరూ ముందుగా చెప్పరు. టెన్షన్‌లో మనిషి బట్టని పిడికిలి తెల్లబడేలా పట్టుకుంటాడు. రెండో నిమిషానికి మోచేతి కింద కండరాలు రాయిలా బిగుసుకుపోతాయి, ఆ తర్వాత పట్టూ ఉండదు, విడుపూ ఉండదు. మొదటి మ్యాచ్ అయ్యాక నీళ్ల సీసా మూత తిప్పలేక పక్కన కూర్చున్న కుర్రాడికి ఇచ్చాను. దీనికి మందు వేళ్ల బలం పెంచడం కాదు. లాగేటప్పుడో తోసేటప్పుడో మాత్రమే బిగించడం, మిగతా సమయం కొక్కెంలా తగిలించి ఉంచడం. ఇంకోటి, వేడెక్కకుండా మ్యాట్ ఎక్కొద్దు. మీ పేరు పిలవడానికి ముందే ఒకసారి ఆయాసం వచ్చి తగ్గిపోయి ఉండాలి.

ట్యాప్ విషయంలో మాత్రం నా అంత మూర్ఖంగా ఉండకండి. చెయ్యి మెలిపెట్టి భుజం తిప్పే కిమురా అనే పట్టు పేరు 1951 నాటి మ్యాచ్ నుంచి వచ్చింది. జపాన్ జూడో వీరుడు మసాహికో కిమురా ఆ లాక్ పట్టినా బ్రెజిలియన్ జియు-జిట్సు ఆద్యుల్లో ఒకడైన హీలియో గ్రేసీ ట్యాప్ చేయలేదు. చెయ్యి విరిగింది, చివరికి అన్న కార్లోస్ టవల్ విసిరి ఆట ఆపించాడు. అది చరిత్రలో నిలిచిపోయింది. నేను మామూలు మంగళవారం క్లాసులో, టోర్నమెంటుకి పది రోజుల ముందు, అదే లాక్‌కి 'ఇంకొంచెం చూద్దాం' అనుకున్నాను. చరిత్రలో నిలవలేదు, రెండు నెలలు ఎడమ భుజం మీద పడుకోలేకపోయాను. కట్టిన ఫీజు పోయింది. చివరి వారంలో గట్టి రౌండ్లు మానేసి, తేలిగ్గా డ్రిల్స్ చేసుకుని నిద్రపోండి. ఆ వారంలో కొత్తగా బలం వచ్చేదేమీ ఉండదు, దెబ్బ తగిలే అవకాశం మాత్రం ఉంటుంది. చర్మం మీద గుండ్రంగా ఎర్రటి మచ్చ కనిపించినా దాచిపెట్టి రోల్ చేయకండి. తామర మీ ఒక్కరితో ఆగదు.

బరువు తగ్గొద్దు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. ఇక్కడ బరువు చూసేది ముందురోజు కాదు, మ్యాచ్‌కి కాస్త ముందు, అదీ గి వేసుకుని. నీళ్లు మానేసి తూకం అయ్యాక తాగి కోలుకుందామంటే మధ్యలో ఆ సమయమే ఉండదు. 76 కిలోల విభాగమంటే గితో కలిపి 76. గి ఒకటిన్నర, రెండు కిలోలు తూగుతుంది కాబట్టి మీ ఒళ్లు 74కి రావాలి. పైది 82.3 వరకు. ఇప్పుడున్న 78తో, కడుపునిండా తిని మరీ అందులో సరిపోతారు. అసలు తూకానికి రెండో అవకాశం ఉండదు, వంద గ్రాములు ఎక్కువున్నా మ్యాచ్ ఆడకుండానే వెనక్కి రావాలి. మీ గిని ఇవాళే తూచి చూడండి. రంగు కూడా చూసుకోండి, తెలుపు, నీలం, నలుపు మాత్రమే ఒప్పుకుంటారు. గోళ్లు ముందురోజు కత్తిరించుకోండి. ఆ రోజు ఎదురుచూడటమే ఎక్కువ ఉంటుంది, కాళ్లకి చెప్పులు ఉంచుకోండి, ఒట్టి కాళ్లతో బాత్రూమ్‌కి వెళ్లి మళ్లీ మ్యాట్ ఎక్కేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంట్లోవాళ్ల సంగతి. తీసుకెళ్లొచ్చు, కాకపోతే ముందురోజు కూర్చోబెట్టి ట్యాప్ అంటే ఏంటో చెప్పండి. లేకపోతే మీ మెడ మీద ఎవరో చెయ్యి వేయగానే మ్యాట్ దాకా పరిగెత్తుకొస్తారు. నా మొదటి మ్యాచ్‌కి మా ఆవిడ కళ్లు మూసుకునే కూర్చుందట. మా అబ్బాయికి అప్పుడు ఏడేళ్లు, వాడు మాత్రం రెప్ప వేయకుండా చూశాడు. బయటికి రాగానే, "నాన్నా, మొత్తంసేపు నువ్వేగా ఆయన మీద ఉన్నావు, మరి ఆయన చెయ్యెందుకు ఎత్తారు?" అని అడిగాడు. మూడు పెనాల్టీల లెక్క వాడికి అర్థమయ్యేలా చెప్పేసరికి ఇల్లు వచ్చేసింది.