బంకమట్టి పెరట్లో కృత్రిమ గడ్డి వేసే ముందు నీటికి దారి చూడండి

చెన్నై విరుగంబాక్కంలో మీ ఇంటి వెనుక 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల పెరడు ఉందని, వాన వెలిసిన తరువాత కూడా రెండు మూడు రోజులు నీళ్ళు నిలిచిపోతున్నాయని, ఆ నల్ల బంకమట్టి మీదే రెండు అంగుళాల ఎం-శాండ్ (రాయిని నలిపి చేసే ఇసుక) పరిచి కృత్రిమ గడ్డి వేస్తే చాలునని కాంట్రాక్టరు చెబుతున్నాడని రాశారు. అది చాలదు. అణ్ణానగర్‌లో మా పెరడుదీ ఇదే రకం నేల. అక్కడ ఈ పనిని దగ్గరుండి చేయించాను. ఆ తరువాత కొన్ని ఈశాన్య రుతుపవనాలు గడిచినా అక్కడ నీరు నిలవలేదు కనుక ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

గడ్డి చాప అడుగున చిల్లులుంటాయి కనుక నీరు చాపను దాటడంలో ఇబ్బంది ఏమీ లేదు. దాటిన నీరు ఎక్కడికి పోతుందన్నదే అసలు ప్రశ్న. తిరువాన్మియూరు వంటి ఇసుక నేలల్లో అది కిందికి ఇంకిపోతుంది. బంకమట్టి తడిస్తే ఉబ్బి, రంధ్రాలు మూసుకుని నీటిని పైనే ఆపేస్తుంది. ఎండాకాలంలో కుంచించుకుని బీటలు వారుతుంది. అందుచేత అలాంటి నేలను తవ్వి కంకర నింపినంత మాత్రాన పని పూర్తి కాదు. బయటికి దారి లేకపోతే ఆ గుంట తూము లేని తొట్టిలా నిండి, నీరు గడ్డి కిందే కుళ్ళి వాసన వేస్తుంది.

మీ నేల ఎంత నీరు తాగుతుందో ముందు చూసుకోండి. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి, నీళ్ళతో నింపి, అవి ఇంకిన తరువాత మళ్ళీ నింపి, ఒక పుల్ల నిలబెట్టి గంటకొకసారి మట్టం గుర్తుపెట్టండి. గంటకు అర అంగుళమైనా దిగకపోతే ఆ నేల మీద ఆశ పెట్టుకోకుండా, నీటిని బయటికి పంపే గొట్టం వేయవలసిందే.

ఆ గొట్టం ఎక్కడ ముగుస్తుందన్నది గడ్డి రంగు ఎంచుకోకముందే తేల్చుకోవాలి. తమిళనాడులో 2003 నుంచి వాననీటి సేకరణ తప్పనిసరి కనుక మీ ఇంటికి ఇంకుడు గుంత ఉండే ఉంటుంది. అయితే బంకమట్టిలో లోతు తక్కువ గుంత వల్ల పెద్ద ప్రయోజనం ఉండదు. దాని అడుగున బోరు వేసి, కింద ఉన్న ఇసుక పొర దాకా దించితేనే అది నీరు తాగుతుంది. నవంబరులో అదీ నిండిపోవచ్చు కనుక పొర్లిన నీరు వీధిలోని వాననీటి కాలువకు చేరేలా మరొక దారి ఉంచండి. ఇక్కడే చెన్నైలోని పాత వీధుల చిక్కు ఎదురవుతుంది. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడం వల్ల చాలా ఇళ్ళ ఆవరణలు వీధి కంటే పల్లమైపోయాయి. మేస్త్రి చేత నీళ్ళ ట్యూబుతో రెండు చోట్లా మట్టం చూపించండి. మీ పెరడే పల్లమని తేలితే, మూలన నీరు చేరే చిన్న సంపు (తొట్టి) కట్టి, నీటిలో మునిగి పనిచేసే సబ్‌మెర్సిబుల్ పంపు పెట్టడం తప్ప వేరే మార్గం లేదు.

ఇక పునాది సంగతి. ఆరు అంగుళాలు తవ్వించి, అడుగు మట్టికే ఇంటి గోడ నుంచి దూరంగా వాలు ఇప్పించండి. నూటికి ఒకటి చొప్పున చూస్తే మీ 20 అడుగులకు దాదాపు రెండున్నర అంగుళాలు వస్తుంది. వాలు పైపొరలో మాత్రమే ఉంటే లోపలి నీరు కదలదు. పల్లపు అంచున కాలువ తీసి, చిల్లులున్న నాలుగు అంగుళాల పీవీసీ గొట్టాన్ని చిల్లులు కిందికి ఉండేలా, అదే వాలులో పెట్టాలి. కాలువతో సహా మట్టి అంతటి మీద నీటిని వదిలి మట్టిని ఆపే, నేయని రకం జియోటెక్స్‌టైల్ గుడ్డను, అతుకుల దగ్గర అడుగు మేర ఒకదానిపై ఒకటి వచ్చేలా పరవాలి. ఖర్చు తగ్గించాలని చాలామంది మొదట వదిలేసేది ఈ గుడ్డనే, కాని బురద కంకరలోకి ఎగబాకకుండా ఆపేది ఇదొక్కటే. ప్లాస్టిక్ పట్టా దీనికి బదులు కాదు, అది నీటిని కూడా ఆపేస్తుంది.

దాని మీద కడిగిన 20 మి.మీ. కంకర నాలుగు అంగుళాలు, ఆపైన 6 మి.మీ. చిప్స్ (సన్న కంకర) ఒక అంగుళం పోసి, ప్లేట్ కంపాక్టరు అనే యంత్రంతో దిమ్మిస చేయించండి. క్రషర్ డస్టు (కంకర మిల్లులో వచ్చే రాతిపొడి) వద్దు. నున్నగా కనబడుతుంది కాని, తడిసి గట్టిపడి చిల్లులను మూసేస్తుంది. మీ 400 చదరపు అడుగులకు సుమారు ఒకటిన్నర యూనిట్ల (యూనిట్ అంటే 100 ఘనపు అడుగులు) కంకర పడుతుంది. 100 మి.మీ. వాన కురిస్తే అంత స్థలంలో దాదాపు 3,700 లీటర్ల నీరు చేరుతుంది. కంకర సందుల్లో అందులో మూడో వంతుకు కొంచెం పైగా నిలుస్తుంది, మిగిలినది గొట్టం గుండానే పోవాలి. 2015 డిసెంబరులో తాంబరంలో ఒక్క రోజులో కురిసిన 490 మి.మీ. వంటి వానకు ఏ పెరడూ నిలవదు, ఏటా వచ్చే వానకు మాత్రం ఈ ఏర్పాటు నిలుస్తుంది.

గడ్డి పరవకముందే ఎత్తు మూలన హోస్‌పైపుతో చాలాసేపు నీళ్ళు వదిలి, గొట్టం కొస దగ్గర నిలబడి చూడండి. మొదట కొంత రాతిపొడి వచ్చినా కాసేపటికి నీరు తేటపడాలి. ఆ తరువాత కూడా మట్టి రంగే వస్తుంటే గుడ్డ ఎక్కడో చిరిగిందన్నమాట. అది సరిచేయించే వరకు డబ్బు పూర్తిగా ఇవ్వకండి.

గడ్డి వేయడం సులువైన భాగం. పోచలన్నీ ఒకే దిశకు వాలేలా పరిచి, అతుకులకు టేపు, జిగురు వేసి, సిలికా ఇసుక చల్లి బ్రష్ చేస్తారు. మే నెల ఎండకు అది మామూలు గడ్డి కంటే బాగా వేడెక్కుతుంది కనుక పిల్లలు ఆడుకునే చోట నీడ చూసుకోండి. పెరట్లో వేపచెట్టో మామిడిచెట్టో ఉంటే మొదలు చుట్టూ స్థలం వదలండి, వేళ్ళు తెగేలా తవ్వనివ్వకండి.

ఈ పని ఫిబ్రవరికీ ఆగస్టుకూ మధ్య, నేల పొడిగా ఉన్న రోజుల్లో ముగించుకోండి. తడి బంకమట్టి మీద యంత్రం నడిపితే నేల మెత్తబడి, వాలు చెడిపోతుంది. గొట్టం కొస దగ్గర మూత తీయగలిగే చిన్న ఛాంబరు కట్టించి, ఏటా సెప్టెంబరులో అందులోని మట్టిని తీయించండి.