ఇద్దరం ఒకేసారి ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మాకు పెళ్లై ఏడాదైంది. కొనుక్కున్న మూడెకరాల్లో సొంతంగా సాగు మొదలుపెట్టాలని ఉంది. ఇద్దరం ఉద్యోగాలు మానేసి, పొలమంతా ఒకేసారి పళ్ల మొక్కలు నాటేద్దామంటారు మావారు. నాకేమో టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీ టెన్షన్‌లో న్యాయం ఉందమ్మా. పళ్ల మొక్కలు కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది, ఇంటి ఖర్చు మాత్రం నెలనెలా ఉంటుంది. ఒకరి జీతం రానివ్వండి. ఎవరిదన్నది మీరే తేల్చుకోండి, అందులో నేను తలదూర్చను.

ముందు మట్టి పరీక్ష. పది పదిహేను చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, అంచు వెంట పైనుంచి కిందిదాకా పలచగా చెక్కి, అన్నీ కలిపి, అందులోంచి అరకిలో మట్టి పరీక్ష కేంద్రానికి పంపండి. గట్ల పక్కన, చెట్ల కింద, ఎరువు కుప్ప పోసిన చోట తీయొద్దు. పళ్ల తోటకైతే ఇంకా లోతు మట్టి కూడా చూపించాలి.

నీళ్లు ఎండాకాలం చివర్లో ఎంత వస్తాయో చూశాకే మొక్కల సంఖ్య తేల్చండి. వానాకాలంలో బోరు చూసి మురిసిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు!

మొదటి ఏడాది అరెకరంలో కూరగాయలు చాలు. మిగతా నేలలో జనుము చల్లి, పూతకొచ్చాక కలియదున్నండి, నేలకి అదే పచ్చిరొట్ట ఎరువు. లెక్కల పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి, మీ ఇద్దరి కూలి కూడా అందులో ఖర్చుగా రాయండి.